కొండ వేటకు తేలికపాటి బోల్ట్ రైఫిల్: హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో వేట నిషేధం కదా, ఈ సమాధానాలు ఎవరికోసం?

నిషేధమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ సరదా వేటకు చోటు లేదు. నల్లమల అయినా, ఆదిలాబాద్ అడవులైనా, సొంత చేను గట్టు మీదైనా ఒకటే మాట. పంటను పాడుచేసే అడవిపందుల మీద అధికారులిచ్చే ప్రత్యేక అనుమతులు వేరే వ్యవహారం. పర్మిట్ తీసుకుని న్యూజిలాండ్‌లో తార్ అనే కొండమేక, కిర్గిజ్‌స్తాన్‌లో ఐబెక్స్ అనే అడవిమేక, నేపాల్ ధోర్‌పాటన్‌లో భరల్ అనే నీలి గొర్రె, అమెరికా రాకీ పర్వతాల్లో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్ళే హైదరాబాదీలకు, అక్కడే స్థిరపడ్డ మనవాళ్ళకు ఉపయోగపడాలని ఇవి రాశాం.

హైదరాబాద్‌లోనే లైసెన్స్ తీసుకుని, రైఫిల్ కొని, దాన్నే పట్టుకెళ్తే పోదా?

కాగితం మీద వీలున్నట్టే కనిపిస్తుంది, పనికొచ్చే దారి మాత్రం కాదు. నగరంలో ఆయుధ లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, లైసెన్స్ గడువు ఐదేళ్ళు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. మామూలు పౌరుడు విదేశీ రైఫిల్‌ను దిగుమతి చేసుకోలేడు. ఆ వెసులుబాటు గుర్తింపు ఉన్న క్రీడాకారులకే. ఇక మిగిలేవి మన ఆయుధ కర్మాగారాల సరుకు, తాతల నాటి పాత విదేశీ తుపాకులు.

ఇషాపూర్ .315 రైఫిల్‌ను చాలామంది ప్రస్తావిస్తారు. అది లీ ఎన్‌ఫీల్డ్ వంశం. బోల్ట్‌ను, అంటే తూటాను లోపలికి నెట్టి మూసే లోహపు కడ్డీని, పట్టి ఉంచే లగ్గులు (పొడుచుకొచ్చిన ముక్కలు) వెనకవైపు ఉంటాయి. గుండు 244 గ్రెయిన్ల (దాదాపు 16 గ్రాముల) బరువు, వేగం తక్కువ. స్కోప్ (గురి చూసే దుర్బిణీ) పెట్టడానికి సరైన అమరిక ఉండదు. వంద మీటర్ల లోపు గట్టి తుపాకే, 300 మీటర్ల అవతలి రాతి వాలు మీద నిలబడ్డ ఐబెక్స్‌కు కాదు. ఇక్కడి నుంచి వెళ్ళేవాళ్ళు వేట నడిపే సంస్థ దగ్గర అద్దెకు తీసుకోవడమే మేలు. ఏది అడగాలో తెలిసి ఉంటే చాలు.

అమెరికాలో బావమరిది రైఫిల్ ఇస్తానంటున్నాడు. వాడొచ్చా?

ముందు వీసా చూసుకోండి. టూరిస్టు వీసా అయినా, హెచ్-1బీ అయినా చట్టం దృష్టిలో మీరు తాత్కాలికంగా వచ్చిన విదేశీయులు. అలాంటివారు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ప్రధాన మినహాయింపు, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం. పదేళ్ళుగా అక్కడే ఉద్యోగం చేస్తున్నా హెచ్-1బీ వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఇది తెలియక షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి సరదాగా ఫొటోలు దిగేవాళ్ళు మనవాళ్ళలో బోలెడుమంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. కొలరాడోలో అయితే 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేస్తేనే లైసెన్స్ ఇస్తారు. బయల్దేరే ముందే ఆ పని ముగించుకోండి.

న్యూజిలాండ్ పద్ధతి వేరు. లైసెన్స్ ఉన్న వ్యక్తి పక్కనే ఉండి నేరుగా కనిపెట్టుకుని ఉంటే, లేనివాళ్ళూ కాల్చవచ్చు. ఒంటరిగా తిరగాలంటే సందర్శకుల ఫైర్‌ఆర్మ్స్ లైసెన్స్ కావాలి.

తేలిక రైఫిల్ అంటే ఎన్ని కిలోలు?

దుకాణదారుడు చెప్పేది వట్టి రైఫిల్ బరువు. కొండెక్కేది స్కోప్, దాన్ని పట్టి ఉంచే మౌంట్లు, భుజాన వేసుకునే స్లింగ్ పట్టీ, తూటాలు అన్నీ కలిసిన రైఫిల్. అందుకే ఎప్పుడూ మొత్తం లెక్క వేయండి. రైఫిల్ 2.7 కిలోలు, స్కోప్ 380 గ్రాములు, మౌంట్లు 100, స్లింగ్ 100, నాలుగు తూటాలు మరో 100. అన్నీ కలిపితే 3.4 కిలోలకు దగ్గర. దీనికి ఓ బైపాడ్ (రెండు కాళ్ళ ఆనిక) తగిలిస్తే ఇంకో 400 గ్రాములు.

అన్నీ కలిపి 3.2 నుంచి 3.6 కిలోల మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది. మోయడానికి భారం కాదు, గురి పెట్టినప్పుడు నిలకడగా ఉంటుంది. 4 కిలోలు దాటితే మూడో రోజుకు భుజం చెప్తుంది. 2.8 కిందికి వస్తే ఆయాసంలో రైఫిల్ ముక్కు నిలవదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా స్కోప్‌లో గీతలు లక్ష్యం మీద ఎగురుతుంటాయి. ఆఖరి 300 గ్రాములు తగ్గించుకోవడానికి లక్షలు పోసేవాళ్ళు కనిపిస్తారు. నీళ్ళ సీసాలో ఒక గ్లాసు తగ్గించినా అంతే బరువు పోతుందని వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది.

బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు?

ముందు స్టాక్, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం. మామూలు పోతపోసిన ప్లాస్టిక్ స్టాక్ కిలో దాకా తూగుతుంది. కార్బన్ ఫైబర్‌ది 600 గ్రాముల చుట్టూ ఉంటుంది, పైగా గట్టిగా ఉంటుంది. ఇక్కడ డబ్బు పెడితే బరువూ తగ్గుతుంది, గురీ మెరుగవుతుంది. తర్వాత స్కోప్. 50 మి.మీ. ముందు అద్దం, 30 మి.మీ. గొట్టం, పైన గురి సర్దే పెద్ద టరెట్లు (తిప్పే మీటలు) ఉన్నది 700 గ్రాములు దాటుతుంది. 36 నుంచి 42 మి.మీ. అద్దం ఉన్న మామూలు వేట స్కోప్ అందులో సగం. మూడోది మౌంట్లు. ఉక్కు పట్టాలు, లావు రింగుల బదులు తేలికపాటి అల్యూమినియం రింగులు పెట్టుకోవచ్చు.

బ్యారెల్‌ను మరీ సన్నం చేయడం, బోల్ట్ మీద గాళ్ళు కొట్టి లోహం తీసేయడం మాత్రం చివరి మార్గాలుగా ఉంచండి. బోల్ట్ మీద గాడి 30 గ్రాములు తగ్గిస్తుందేమో, దాంట్లోకి మంచు, ఇసుక దూరి ఇరుక్కుంటే వేట మధ్యలో బోల్ట్ కదలదు. రైఫిల్ వెనక్కి తన్నే తన్నును (రీకాయిల్‌ను) మెత్తబరిచే ప్యాడ్‌ను తీసేసి గట్టి రబ్బరు ముక్క పెట్టే అతి తెలివి అసలే వద్దు.

బోల్ట్ యాక్షనే ఎందుకు?

తక్కువ భాగాలు, తక్కువ బరువు. తడిసినా మురికైనా చేత్తో లాగి పని చేయించుకోవచ్చు, తెరిచి చూస్తే చాంబర్ (కాల్చే తూటా కూర్చునే చోటు) ఖాళీయో కాదో క్షణంలో తెలుస్తుంది. పైగా చాలా దేశాలు విదేశీయులకు సెమీ ఆటోమేటిక్‌ను చేతికివ్వవు.

ఏ కాలిబర్ మంచిది?

కాలిబర్ అంటే తూటా కొలత, రకం. ముందు జంతువు సైజు చూడండి. చమోయి అనే మేకలాంటి కొండజంతువు 30 నుంచి 45 కిలోలు. భరల్ పోతు 60, 70 కిలోలు. పెద్ద తార్ పోతు, మధ్య ఆసియా ఐబెక్స్ పోతు 100 కిలోలు దాటగలవు. ఇవేవీ ఏనుగులు కావు. .308 విన్‌చెస్టర్, 7 ఎం.ఎం.-08 రెమింగ్టన్, 6.5 క్రీడ్‌మోర్, .270 విన్‌చెస్టర్ నాలుగూ వీటికి సరిపోతాయి. మొదటి మూడూ షార్ట్ యాక్షన్‌లో ఇముడుతాయి. అంటే బోల్ట్ కదిలే రిసీవర్ భాగం పొట్టిగా ఉంటుంది, 50 నుంచి 100 గ్రాములు కలిసొస్తుంది, బోల్ట్ లాగే దూరం తగ్గుతుంది. .270 కి, .30-06 కి లాంగ్ యాక్షన్ కావాలి.

ఇక దూరం, గాలి. 200 గజాలకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే తగిలేలా సర్దిన, 6.5 క్రీడ్‌మోర్ 143 గ్రెయిన్ల గుండు 300 గజాల దగ్గర సుమారు 20 సెం.మీ., 400 దగ్గర 56 సెం.మీ. కిందికి దిగుతుంది. 150 గ్రెయిన్ల .308 అయితే 22, 63. ఈ తేడా కోసం కొట్టుకోనక్కర్లేదు. అసలు తేడా పక్కగాలిలో తెలుస్తుంది. గంటకు 16 కి.మీ. గాలి 300 గజాలకు క్రీడ్‌మోర్ గుండును 13 సెం.మీ. నెడితే, ఆ .308 గుండును 19 దాకా నెడుతుంది. కొండ మీద గాలి ఎప్పుడూ ఉంటుంది, ఒక లోయకూ పక్క లోయకూ దిశ మారుతుంది.

ఇక దొరకడం మాట. మారుమూల క్యాంపులో మీ తూటాల పెట్టె పోతే .308 ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది. 2021లో వచ్చిన 6.8 వెస్టర్న్, 2022లో వచ్చిన 7 పీఆర్‌సీ మంచివే గానీ, పక్క ఊళ్ళో దొరుకుతాయనుకోవద్దు.

ఒక్కటే ఎంచుకోమంటే, 60 కిలోల మనిషికి మా ఓటు 7 ఎం.ఎం.-08 కి. 140 గ్రెయిన్ల గుండుతో తార్‌కూ చాలు, భుజానికీ దయ.

మాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే బలమైన తూటా) లేకపోతే పెద్ద పోతు పడదంటారు. నిజమా?

సరైన చోట తగిలిన .308 తో పడుతుంది, పొట్టలో తగిలిన .300 మాగ్నమ్‌తో పడదు. తేలిక రైఫిల్‌లో మాగ్నమ్ పెడితే రెండోదే ఎక్కువగా జరుగుతుంది. కారణం రీకాయిల్.

రీకాయిల్ శక్తి రైఫిల్ బరువుకు విలోమంగా మారుతుంది. ఒకే .308 తూటా 4 కిలోల రైఫిల్‌లో దాదాపు 17.5 జూళ్ళు తంతే, 3 కిలోల దాంట్లో 23 జూళ్ళకు పైనే తంతుంది. అదే 3 కిలోల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ 19, 7 ఎం.ఎం.-08 20, .270 దాదాపు 25 జూళ్ళు ఇస్తాయి. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 42 జూళ్ళు. పది రౌండ్లు కాల్చేసరికి మనిషికి తెలియకుండానే కళ్ళు మూసుకోవడం, ట్రిగ్గర్‌ను గుంజడం అలవాటవుతుంది. ఆ అలవాటు పోవడానికి నెలలు పడుతుంది.

గుండు రకంలో ఏం చూడాలి?

సీసం మీద రాగి తొడుగు అతుక్కుని ఉండే బాండెడ్ గుండ్లు, లేదా పూర్తి రాగివి. రాగి గుండు విచ్చుకోవడానికి వేగం కావాలి. సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగుల కిందికి పడిపోతే సూదిలా దూసుకుపోతుంది. తక్కువ వేగపు కాలిబర్‌లో రాగి గుండుతో దూరం కొట్టొద్దు. 6.5 పొడవాటి గుండ్లకు బ్యారెల్ ట్విస్ట్ (లోపలి గాడుల మెలిక) 1:8, అంటే ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు, ఉండాలి.

బ్యారెల్ ఎంత పొడవు? కార్బన్ చుట్టింది కొనాలా?

షార్ట్ యాక్షన్ కాలిబర్లకు 20 నుంచి 22 అంగుళాలు. ఒక్కో అంగుళం తగ్గితే సెకనుకు 20, 25 అడుగుల వేగం పోతుంది. పెద్ద నష్టం కాదు. మాగ్నమ్‌కు 24 కంటే తగ్గిస్తే కాలని మందు బయట మంటగా పోతుంది, మోత మిగులుతుంది.

కార్బన్ చుట్టిన బ్యారెల్ ఒకే మందం ఉన్న ఉక్కు బ్యారెల్ కంటే తేలిక. సన్నటి ఉక్కు బ్యారెల్ కంటే మాత్రం చాలాసార్లు బరువే. వేటలో మనం కాల్చేది ఒకటి రెండు తూటాలు. దానికి సన్నటి ఉక్కు చాలు. ముక్కు వైపు కొంత బరువు కావాలనుకునేవాళ్ళకు కార్బన్ బాగుంటుంది.

మజిల్ బ్రేక్ పెట్టించుకోవచ్చా? సైలెన్సర్?

మజిల్ బ్రేక్ అంటే బ్యారెల్ ముక్కుకు బిగించే రంధ్రాల తొడుగు. అది రీకాయిల్‌ను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుంది. బదులుగా మోతంతా పక్కకు మళ్ళి, పక్కనే పడుకున్న గైడ్ చెవుల్లోకి వెళ్తుంది. రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఒక్కటి కాల్చినా శాశ్వతంగా నష్టం జరగవచ్చు. న్యూజిలాండ్‌లో సైలెన్సర్ మామూలు విషయం, అద్దె రైఫిళ్ళకే బిగించి ఉంటుంది. అక్కడ అది ఉన్న రైఫిల్‌నే అడగండి. 300 గ్రాములు ఎక్కువైనా పరవాలేదు. దాన్ని గుర్తుగా ఇంటికి తేవాలని మాత్రం అనుకోకండి. మన ఆయుధ చట్టంలో తుపాకీ చప్పుడు తగ్గించే పరికరం కూడా ఆయుధం కిందికే వస్తుంది.

స్టాక్ మంచిదో కాదో చేతిలో పట్టుకుని ఎలా తెలుసుకోవాలి?

జేబులోంచి పది రూపాయల నోటు తీయండి. బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి, ముక్కు వైపు నుంచి రిసీవర్ దాకా జరపండి. ఎక్కడా పట్టుకోకుండా పోవాలి. ఇప్పుడు స్టాక్ ముందు భాగాన్ని బ్యాగు మీద ఆనించి పైనుంచి గట్టిగా నొక్కి, మళ్ళీ నోటు జరపండి. ఈసారి ఇరుక్కుంటే ఆ ప్లాస్టిక్ వంగుతోందని అర్థం. కొండ మీద రాయికి ఆనించి కాల్చినప్పుడు స్టాక్ బ్యారెల్‌ను తాకుతుంది, గుండు పక్కకు పోతుంది. బల్ల మీద బాగా కాల్చిన రైఫిల్ కొండ మీద తప్పడానికి సాధారణంగా కారణం ఇదే.

రెండోది పొడవు. కంపెనీలు వెనక ప్యాడ్ నుంచి ట్రిగ్గర్ దాకా 13.5 నుంచి 14 అంగుళాలు పెడతాయి. అయిదున్నర అడుగుల మనిషి లావు జాకెట్ వేసుకుని దాన్ని భుజానికి తెస్తే ప్యాడ్ చంకలో తట్టుకుంటుంది. 13 నుంచి 13.25 చూసుకోండి. కొన్ని స్టాక్‌ల్లో మధ్య ముక్కలు తీసి పొడవు తగ్గించవచ్చు.

చెక్క స్టాక్ చూడటానికి అందమే. తడికి ఉబ్బి బ్యారెల్‌ను నెడుతుంది.

ఊడొచ్చే మ్యాగజీన్ మంచిదా, లోపలే ఉండేదా?

మ్యాగజీన్ అంటే తూటాలు నింపే పెట్టె. లోపలే ఉండి కింద మూత లేనిది అన్నిటికంటే తేలిక. పడిపోదు కూడా. కాకపోతే ఖాళీ చేయాలంటే ప్రతి తూటానూ బోల్ట్‌తో తిప్పి బయటికి తీయాలి, చేతులు కొంకర్లు పోయినప్పుడు అది చిరాకు. ఊడొచ్చేది గుర్రం ఎక్కి దిగేచోట అనుకూలం. అయితే దాన్ని పోగొట్టుకుంటే రైఫిల్ ఒక్క తూటా తుపాకీ అవుతుంది. రెండోది తప్పకుండా జేబులో ఉండాలి.

ఏ మోడళ్ళు చూడాలి?

ఫిన్లాండ్ రీహిమాకీలో సాకో కర్మాగారంలో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ లైట్ దగ్గర మొదలుపెట్టండి. బరువు 2.9 కిలోల చుట్టూ. బోల్ట్ 70 డిగ్రీలే లేవాలి, మెత్తగా జారుతుంది, ట్రిగ్గర్ నొక్కగానే తడబాటు లేకుండా వదులుతుంది. అన్ని కాలిబర్లకూ ఒకే పొడవు రిసీవర్ వాడతారు కాబట్టి షార్ట్ యాక్షన్ లాభం ఇందులో రాదు. అయినా పెట్టిన డబ్బుకు ఇంత నమ్మకంగా కాల్చే రైఫిల్ అరుదు. న్యూజిలాండ్‌లో అద్దెకు ఇచ్చేవాటిలో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఇంకా తేలిక కావాలంటే కింబర్ మౌంటెన్ అసెంట్. షార్ట్ యాక్షన్‌లో 2.2 కిలోల లోపే. మౌజర్ తరహా పంజాతో తూటా అంచును ముందు నుంచే పట్టుకుంటుంది కాబట్టి రైఫిల్ ఏ కోణంలో ఉన్నా తూటా జారిపోదు. కాల్చడంలో క్రమశిక్షణ ఉన్నవాళ్ళకే అది. మొదటి రైఫిల్‌గా మేం సూచించం. టైటానియం రిసీవర్ ఉన్న వెదర్‌బీ మార్క్ 5 బ్యాక్‌కంట్రీ కూడా దాదాపు అదే బరువు, ధర వింటే కళ్ళు తిరుగుతాయి. పాత సరుకులో 1986లో వచ్చిన రెమింగ్టన్ 700 మౌంటెన్ రైఫిల్ ఇప్పటికీ వాడదగ్గదే. తక్కువ ధరలో రూగర్ అమెరికన్ ఉంది. రైఫిల్ బాగుంటుంది, పాత తరం స్టాక్ మెత్తన. నోటు పరీక్ష దానికి తప్పనిసరి.

స్కోప్ ఎలాంటిది? బిగించడంలో ఏం తప్పులు జరుగుతాయి?

2.5-8 లేదా 3-10 రెట్లు చాలు. కంటికీ స్కోప్‌కూ మధ్య దూరం కనీసం 9 సెం.మీ. ఉండాలి. తలెత్తి పై వాలుకు కాల్చేటప్పుడు మొహం ముందుకు జరుగుతుంది, తేలిక రైఫిల్ ఎక్కువ వెనక్కి వస్తుంది. రెండూ కలిసి కనుబొమ మీద అర్ధచంద్రాకారపు కోత మిగులుతుంది. అందుకే స్కోప్‌ను బల్ల దగ్గర కూర్చుని కాక, జాకెట్ వేసుకుని బోర్లా పడుకుని, రైఫిల్ ముక్కు పైకెత్తి అమర్చుకోండి.

బిగించేటప్పుడు ముందు రంధ్రాలు, స్క్రూలు నూనె లేకుండా తుడవండి. కింది బేస్ స్క్రూలకు నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేయండి, రింగు స్క్రూలకు వద్దు. రింగులను టార్క్ రెంచితో 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల బిగువుకు తిప్పండి, అదీ ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా. చేతి బలంతో బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపల కదిలే భాగాలు ఇరుక్కుంటాయి. అప్పుడు క్లిక్కులు తిప్పినా గుండు కదలదు. స్టాక్ స్క్రూలకు ఆ రైఫిల్ పుస్తకంలో చెప్పిన లెక్కే పాటించండి. బిగించాక ప్రతి స్క్రూ తల మీదా, పక్కన లోహం మీదా కలిసేలా నెయిల్ పాలిష్ గీత గీయండి. గీతలు తప్పుకున్నాయంటే వదులైనట్టే.

తేలిక రైఫిల్‌తో గుండ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయి. రైఫిల్ చెడ్డదా?

ముందు మీ పట్టు చూడండి. గుండు ఇంకా బ్యారెల్ దాటకముందే రైఫిల్ వెనక్కి కదలడం మొదలవుతుంది. 3 కిలోల .308 ఆ కాస్త సమయంలో 2 మి.మీ. దాకా జరుగుతుంది. బరువు రైఫిల్ పట్టు తప్పును క్షమిస్తుంది, ఇది క్షమించదు. బరువైన టార్గెట్ రైఫిల్‌ను తాకీ తాకనట్టు పట్టుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ముందు చేత్తో స్టాక్‌ను బ్యాగు మీదికి నొక్కిపట్టి, భుజంలోకి గట్టిగా లాక్కోండి. ప్రతి తూటాకూ అదే ఒత్తిడి ఉండాలి. ముందున్న స్లింగ్ కొక్కెం బ్యాగును తన్నకుండా చూడండి.

తర్వాత వేడి. సన్నటి బ్యారెల్ మూడు తూటాలకే చేతికి అంటుకునేంత కాలుతుంది. నాలుగోది, అయిదోది పైకో పక్కకో నడవడం మొదలవుతాయి. మూడు కాల్చి, బోల్ట్ తెరిచి, పది నిమిషాలు ఆగండి. చల్లటి బ్యారెల్‌తో మొదటి తూటా ఎక్కడ పడుతుందన్నదే వేటలో లెక్క. దాన్ని వేర్వేరు రోజుల్లో ఒకే కాగితం మీద కాల్చి చూసుకోండి. ఆ తర్వాత స్క్రూలు, స్టాక్ తాకిడి, తూటాల బ్రాండ్ మార్పు, ఈ వరుసలో వెతకండి.

వంద మీటర్లకు మూడు గుండ్లు 4 సెం.మీ.లో పడితే 300 కు 12 సెం.మీ. భరల్ గుండె, ఊపిరితిత్తుల చోటు 20 సెం.మీ. పైనే ఉంటుంది. గుండ్లు ఇంతకంటే దగ్గరగా పడాలని రాత్రులు నిద్ర చెడగొట్టుకోకండి.

జీరో ఎంత దూరానికి? ఎత్తు, ఏటవాలు లెక్కలు ఎలా?

100 గజాల దగ్గర 4 నుంచి 5 సెం.మీ. పైన పడేలా పెడితే 200 గజాలకు జీరో వచ్చేసినట్టే. విమానం దిగాక, గుర్రం దిగాక మళ్ళీ కాల్చి చూడటం తప్పనిసరి. దానికి ఆరు తూటాలు వేరుగా పెట్టుకోండి.

3,500 మీటర్ల ఎత్తులో గాలి హైదరాబాద్‌తో పోలిస్తే నాలుగో వంతు పలచన. గుండు తక్కువ దిగుతుంది, అయినా 300 గజాల లోపు తేడా కొన్ని సెంటీమీటర్లే. ఏటవాలు తేడా ఎక్కువ. కంటికి కనిపించే దూరం 300 మీటర్లు, వాలు 30 డిగ్రీలు అయితే 260 కి కాల్చినట్టు, 40 డిగ్రీలైతే 230 కి కాల్చినట్టు గురి పెట్టాలి. పైకైనా కిందికైనా ఇదే. మరిచిపోతే గుండు వీపు మీదుగా పోతుంది. దూరం కొలిచి ఈ లెక్క తానే వేసే రేంజ్‌ఫైండర్లు దొరుకుతాయి, చలికి బ్యాటరీ పడిపోకుండా లోపలి జేబులో ఉంచండి.

చలిలో, తడిలో ఏం చెడిపోతుంది?

బోల్ట్ లోపలి నూనె చిక్కబడి, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మంటుంది, పేలదు. బయల్దేరే ముందు బోల్ట్ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పొడిగా బిగించండి. లగ్గుల మీద మాత్రం చలికి తట్టుకునే గ్రీజు చుక్క ఉండాలి. రాత్రి రైఫిల్‌ను వెచ్చటి గుడారంలోకి తేవద్దు, అద్దాల మీద, బోల్ట్ మీద తేమ పట్టి పొద్దున్నే గడ్డకడుతుంది. బయట కవరులో ఉంచండి. బ్యారెల్ ముక్కు మీద ఎలక్ట్రికల్ టేపు ముక్క ఒకటి అతికించండి. దాంట్లోంచే కాల్చవచ్చు, గురి మారదు. మంచుతో మూసుకుపోయిన బ్యారెల్‌తో కాలిస్తే అది చిట్లిపోతుంది.

స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పడుతుంది, కాస్త ఆలస్యంగా. తడిసిన రైఫిల్‌ను స్పాంజి పెట్టెలో పెట్టి మూస్తే తుప్పు పట్టడానికి రెండు రోజులు చాలు.

గుర్రం మీద, బండరాళ్ళ మీద నడిచేటప్పుడు?

చాంబర్ ఖాళీ. తూటాలు మ్యాగజీన్‌లో ఉండొచ్చు. సేఫ్టీ (ట్రిగ్గర్‌ను ఆపే మీట) పెట్టాంలే అన్న ధీమా వద్దు. బోల్ట్‌ను కూడా బిగించేసే సేఫ్టీ ఉన్న రైఫిల్ మేలు, ఎందుకంటే భుజాన వేలాడేటప్పుడు బోల్ట్ పిడి బట్టకు తగులుకుని తెరుచుకుంటుంది. చాంబర్‌లోకి తూటా వెళ్ళేది పడుకుని గురిపెట్టాకే.

హైదరాబాద్‌లో ఉంటూ సాధన ఎలా?

4.5 మి.మీ. కాలిబర్, 20 జూళ్ళ లోపు ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. పది మీటర్ల దగ్గర రోజూ ముప్ఫై గుండ్లు కాలిస్తే ట్రిగ్గర్ అదుపు వస్తుంది. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్‌లో .22 కాల్చే అవకాశం దొరికితే వదలొద్దు, పడుకుని, కూర్చుని, మోకాలి మీద మూడు భంగిమలూ నేర్చుకోండి. పెద్ద రైఫిల్ తన్ను మాత్రం వేట దేశానికి వెళ్ళాకే. మొదటి రోజు ఇరవై తూటాలకు మించకుండా.

కాళ్ళకు గోల్కొండ ఉంది. 12 కిలోల బ్యాగుతో బాలాహిసార్ దాకా ఎక్కి దిగడం, వారానికి మూడుసార్లు, మూడు నెలలు. ఇంట్లో అయితే మెట్లు పరిగెత్తి వచ్చి, ఆయాసం తగ్గకముందే బ్యాగు మీద ఎయిర్ రైఫిల్ ఆనించి అయిదు గుండ్లు. ఊపిరి వదిలాక వచ్చే చిన్న విరామంలో ట్రిగ్గర్ నొక్కడం ఒంటికి పట్టాలి.

అద్దె రైఫిల్ గురించి సంస్థను ఏం అడగాలి?

మోడల్, కాలిబర్, స్కోప్‌తో కలిపి బరువు, స్టాక్ పొడవు, ఏ తూటాతో ఎంత దూరానికి జీరో చేశారు, వేటకు ముందు కనీసం పది తూటాలు కాల్చనిస్తారా. ఇవన్నీ రాతలో తెప్పించుకోండి. 'రైఫిల్ ఉంటుంది సార్, వచ్చేయండి' అన్న జవాబుతో టికెట్ కొనకండి. అక్కడికి వెళ్ళాక నోటు పరీక్ష, స్క్రూలు, బోల్ట్ తీసి బ్యారెల్ లోపలికి వెలుతురు పెట్టి చూడటం, ఖాళీ చాంబర్‌తో ట్రిగ్గర్ నొక్కి చూడటం. ట్రిగ్గర్ కిలో నుంచి కిలోన్నర ఒత్తిడి మధ్య వదలాలి. రెండున్నర కిలోలు లాగాల్సి వస్తే, లేదా సేఫ్టీ ముందుకు నెట్టగానే పిన్ పడితే, ఇంకో రైఫిల్ అడగండి.

కొమ్ములు ఇంటికి తెచ్చుకోవచ్చా?

సరైన అనుమతి పత్రాలు లేకుండా తెస్తే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తారు, కేసు కూడా అవుతుంది. ఫొటో తీసుకుని కొమ్ములు అక్కడే వదిలేయండి. అక్కడ వాడిన జాకెట్, బ్యాగు జేబులన్నీ బయల్దేరే ముందు తలకిందులుగా దులపండి. మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్కానర్‌లో కనిపించినా పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది.